చవక బ్రేకౌట్ బోర్డు కొనేముందు మీ ల్యాప్‌టాప్ చూడండి

హాబీ సీఎన్‌సీ కోసం నేను మొదట కొన్నది 5 యాక్సిస్ ప్యారలల్ పోర్ట్ బోర్డు. ధర చూసి ఎగబడి కొనేశా. తీరా చూస్తే నా ల్యాప్‌టాప్‌కి ఆ 25 పిన్నుల పోర్టే లేదు! యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే కేబుల్ తెచ్చినా లాభం లేకపోయింది. అది ప్రింటర్ల కోసం చేసింది, స్టెప్ పల్సులను కచ్చితమైన టైమింగ్‌తో పంపలేదు. పైగా మాక్3 ప్యారలల్ డ్రైవర్ 32 బిట్ విండోస్‌లోనే నడుస్తుంది.

ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే ఆ బోర్డు ఇప్పటికీ మంచి బేరమే. లేదంటే ఆర్డుయినో యూనోలో జీఆర్‌బీఎల్ వేసి, పైన సీఎన్‌సీ షీల్డ్ పెట్టుకోండి. పల్సులు యూనోనే తయారుచేస్తుంది కాబట్టి మామూలు యూఎస్‌బీ చాలు.

కాకపోతే ఈ షీల్డ్‌లో ఆప్టోకప్లర్లు ఉండవు. స్పిండిల్ ఆన్ చేయగానే, లిమిట్ స్విచ్ ఎవరో నొక్కినట్టు అలారం వచ్చి నా మెషిన్ ఆగిపోయేది. స్విచ్‌లకు షీల్డెడ్ కేబుల్ వేసి, మోటార్ వైర్లకు దూరంగా లాగాకే దారికొచ్చింది.