ఆటలో అరటిపండు

పిల్లలూ, తెలుగులో ‘ఆటలో అరటిపండు’ అనే మాట ఉంది. చిన్నపిల్ల ఏడుస్తుంటే పెద్దపిల్లలు ఆటలోకి రానిస్తారు. కానీ ఆమె దొరికినా దొంగ కాదు, గెలిచినా గెలుపు కాదు. ఆటలో ఉంటుంది, లెక్కలో ఉండదు. బదిలీ మీద కొత్త ఊరికి వచ్చి, మొదటి వారం కాలనీ మైదానం అంచున నిలబడిన మీకు ఈ మాట అర్థం వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఇంకో మాట చూద్దాం. పెద్ద పరుగుపందేల ప్రకటనల్లో ‘ఇన్‌క్లూజివ్’ అని రాస్తారు. పుస్తకభాషలో ‘సమ్మిళిత’ అంటాం. ఇంటి తెలుగులో ‘అందరినీ కలుపుకుపోవడం’. కలుపుకోవడమంటే రానివ్వడమేనా, లెక్కలోకి తీసుకోవడమా? ఈ పాఠంలో మన ప్రశ్న ఇదే.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. దూరం అందరికీ ఒకటే కానీ, ప్రవేశం అందరికీ ఒకేసారి దొరకలేదు. అమెరికాలో బోస్టన్ మారథాన్ 1897లో మొదలైంది. స్త్రీలను అధికారికంగా అనుమతించింది 1972లో. 1975లో బాబ్ హాల్ చక్రాల కుర్చీలో పాల్గొంటానంటే, మూడు గంటల లోపు పూర్తిచేస్తేనే ధ్రువపత్రం ఇస్తామన్నారు. ఆయన 2 గంటల 58 నిమిషాల్లో పూర్తిచేశాడు. అరటిపండుగా వచ్చి ఆటగాడయ్యాడు! మరుసటి ఏడు డిక్ ట్రౌమ్ కృత్రిమ కాలితో న్యూయార్క్ మారథాన్ పూర్తిచేశాడు. 1983లో ఆయన పెట్టిన సంస్థ, దివ్యాంగుల పక్కన తోడుగా పరుగెత్తేవారిని కూడగట్టింది. చూపులేని వ్యక్తి చేతికీ తోడు చేతికీ మధ్య చిన్న తాడు ఉంటుంది. పోటీ నియమం ప్రకారం తోడు ఆ తాడును పట్టి ముందుకు లాగకూడదు. పరుగు ఆ వ్యక్తిదే.

ఇంత పెద్ద పందేనికి నీళ్లు, వైద్యులు, దారి బందోబస్తు కావాలి. ఆ ఖర్చు భరించే సంస్థను ‘ప్రాయోజకుడు’ అంటాం. మన దేశపు సాఫ్ట్‌వేర్ సంస్థ టీసీఎస్ 2014 నుంచి న్యూయార్క్ మారథాన్‌కు, 2022 నుంచి లండన్ మారథాన్‌కు ప్రధాన ప్రాయోజకుడు. హైదరాబాద్ మారథాన్ పేరు ముందు ఒకప్పుడు ఎయిర్‌టెల్ ఉండేది, తరువాత ఎన్‌ఎండీసీ వచ్చింది. పేరు ముందు పేరు చేరిందంటే అందులో ప్రచారమూ ఉంది. అది తప్పు కాదు, కానీ దాన్ని దానమని అనలేం. కంపెనీల చట్టం, 2013 ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుచేయాలి. మారథాన్ వంటి ఒక్కరోజు కార్యక్రమాల ఖర్చు ఆ లెక్కలోకి రాదని 2014లోనే కేంద్ర ప్రభుత్వం తేల్చింది. పారాలింపిక్ క్రీడలకు శిక్షణ ఇప్పిస్తే మాత్రం వస్తుంది. ఒక్కపూట పండుగకూ ఏడాది పొడుగునా నేర్పడానికీ ఉన్న తేడా అది.

ఆ శిక్షణ ఎంత దూరం తీసుకెళ్తుందో వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజిని చూస్తే తెలుస్తుంది. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి 400 మీటర్ల పరుగులో 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది.

సాంకేతికత పని కూడా ఇక్కడుంది. పరుగువీరుల నంబరు పట్టీలో చిన్న చిప్ ఉంటుంది. దారిలో పరిచిన చాపలు దాటగానే సమయం నమోదవుతుంది. దాటింది కాళ్లా, చక్రాలా అని చిప్ అడగదు. అయితే ఆ సమయానికి విభాగం, బహుమతి ఉండాలని నిర్ణయించవలసింది మనుషులే. న్యూయార్క్‌లో చక్రాల కుర్చీల అధికారిక విభాగం 2000లో గాని రాలేదు. లండన్‌లో ఆ విభాగపు బహుమతి సొమ్మును మిగతావారితో సమానం చేసింది 2024లో.

మన బడికి ప్రాయోజకుడు లేడు. అయినా దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 బడులకు చెప్పింది ఒకటుంది: ఆటల్లో అందరితో సమానంగా అవకాశం ఇవ్వాలి. దానికి సుద్దముక్క, స్టాప్‌వాచ్, ఒక మనసున్న తోడు చాలు.

అభ్యాసం
1. ‘రానివ్వడం’, ‘కలుపుకుపోవడం’ – రెంటినీ సొంతవాక్యాల్లో వాడండి.
2. బ్రూక్షాబాద్‌లో అందరూ పాల్గొనే ఒక కిలోమీటరు పరుగు పెట్టాలి. ఎత్తుపల్లాలు లేని దారి వెదికి పటం గీయండి. చక్రాల కుర్చీ ఎక్కడ ఆగిపోతుందో గుర్తించండి.
3. మీ తరగతి ఆటలో ఇప్పుడు అరటిపండు ఎవరు? పేరు రాయకండి. రేపు ఆటలో ఆ పిల్లకో పిల్లవాడికో ఏ పని అప్పగిస్తారో రాయండి.