ఫిడేలు నాయుడు గారు: ఒక సంగీత గురువు జీవితం



హాస్టల్లో ఉన్న రోజుల్లో నాకు బోర్డు మీద అక్షరాలు సరిగా కనిపించేవి కావు. ఎవరికీ చెప్పుకోలేక పక్కవాడి నోట్సు చూసి రాసుకునేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో కంటి శిబిరం పెట్టి కళ్ళజోడు ఇచ్చేదాకా నేను మొద్దునని నేనే నమ్మాను. తర్వాత సంగీతం మాస్టారినయ్యాను. అందుకేనేమో, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి సంగతి మీకు చెప్పాలనిపిస్తుంది.

నాయుడు గారు 1893లో బెంగుళూరులో పుట్టారు, విశాఖపట్నంలో పెరిగారు. చిన్ననాటి నుండి చూపు మందం. బడి చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య ఆయనకు ఫిడేలు నేర్పారు. వీణకు మెట్లు ఉంటాయి, వేలు ఎక్కడ పెట్టాలో అవే చెబుతాయి. ఫిడేలుకు అవి లేవు. స్వరం ఎక్కడుందో చెవితోనే వెతుక్కోవాలి. వెంట్రుకవాసి వేలు జరిగినా అపస్వరమే. కళ్ళు ఆదుకోని కుర్రవాడు చెవిని నమ్ముకున్నాడు.

1919లో విజయనగరం మహారాజా వారు సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. విద్యార్థిగా చేరదామని వెళ్ళిన నాయుడు గారి వాద్యం విని, ఆయనను ఆచార్యుడిగానే నియమించారని చెబుతారు. అప్పటికి ఆయన వయస్సు 26 ఏళ్ళు. 1936లో ఆయనే ప్రిన్సిపాలు అయ్యారు.

ఫిడేలు ఐరోపా నుండి వచ్చిన వాద్యం. అక్కడ గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మనవాళ్ళు నేల మీద కూర్చుని, ఒక కొస ఛాతీకి, రెండో కొస కుడి చీలమండకు ఆనించుకుంటారు. నాలుగు తీగలను స, ప, స, ప అని శ్రుతి చేస్తారు. కానీ కచేరీలో దాని చోటు పక్కనే. గాయకుడు పాడింది అనుసరించాలి, తనివ్వగా దొరికిన కాస్త సందులో తన విద్య చూపాలి. నాయుడు గారు దానిని వేదిక మధ్యకు తెచ్చారు. 1938లో వేలూరులో ఆయన సోలో కచేరీ చేశారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. జనం మాత్రం ఫిడేలు నాయుడు గారనే పిలుచుకున్నారు!

ఆయన వాద్యంలో అందరూ చెప్పుకునేది పొడుగాటి కమాను. నేర్చుకునేవారికి దీని సంగతి కాస్త వివరంగా చెబుతాను. మాయామాళవగౌళలో సరళీ వరుసలు మొదలుపెట్టినప్పుడు, మొదటి కాలంలో ఒక్కో స్వరానికి కమాను ఈ చివర నుండి ఆ చివరకు లాగాలి. రెండో కాలంలో అదే లాగుడులో రెండు స్వరాలు, మూడో కాలంలో నాలుగు. పిల్లలంతా మూడో కాలానికి తొందరపడతారు. నేనూ పడ్డాను. అసలు కష్టం మొదటి కాలంలోనే ఉంది. కమాను వణికితే అక్కడే బయటపడుతుంది.

నాయుడు గారు ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లోనే ఘంటసాల వెంకటేశ్వరరావు గారు ఆ కళాశాలలో చదివారు. తండ్రి లేని పిల్లవాడు, చేతిలో డబ్బు లేదు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి ఉచితంగా సంగీతం చెప్పారు. ఘంటసాల గారు ఇంటింటికీ తిరిగి మధుకరం అడుక్కుని తిన్నారు. మన మెస్సులో సాంబారు నీళ్ళగా ఉందని అలిగిన రోజున నాకు ఇది గుర్తుకొచ్చేది. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ మధుకరం ఆచారం కూడా ఒక కులం పిల్లలకే. మన తాతలు ఆ అరుగు దగ్గరకు వెళ్ళే వీలే లేదు. ఆకలితోనైనా చదువుకుందామన్నా దారి లేని ఇళ్ళ నుండి మనం వచ్చాం.

నాయుడు గారు 1964లో మరణించారు. విజయనగరం కోట దగ్గర ఆ కళాశాల నేటికీ నడుస్తోంది. నాలుగేళ్ళ సర్టిఫికెట్ కోర్సు, ఆపైన రెండేళ్ళ డిప్లొమా ఉన్నాయి. పదో తరగతి తర్వాత ఏం చదవాలని నన్ను అడిగే తమ్ముళ్ళలో ఎవరూ దీని పేరు ఎత్తరు.

మన స్టోరు గదిలో పాత హార్మోనియం ఒకటి ఉండాలి. నా రోజుల్లోనే రెండు మెట్లు పలికేవి కావు. సరళీ వరుసలకు మిగిలినవి సరిపోయేవి. ఎవరైనా దుమ్ము దులిపి బయటికి తెస్తే, సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు నేను కూర్చుని నేర్పుతాను.