కౌలు పొలంలో బావి
మన యూనియను నోటీసులన్నీ ఇప్పుడు ఒకే కంపెనీ గ్రూపులో వస్తున్నాయి. ఇది కౌలు పొలంలో బావి తవ్వడమే. 2014 సెప్టెంబరు 30న గూగుల్ ఆర్కుట్‌ను మూసేస్తే అందులో కూడిన బృందాలు ఏమయ్యాయి? చెదిరిపోయాయి.

ఈమెయిలుకు ఆ బెంగ లేదు. ఏ కంపెనీ ఖాతా నుంచి ఏ కంపెనీ ఖాతాకైనా ఉత్తరం పోతుంది. 1982 నాటి ఎస్.ఎం.టి.పి. నియమావళి ఎవరి సొత్తూ కాదు గనుక. 2016లో వచ్చిన మాస్టొడాన్‌దీ ఇదే దారి. సర్వరు ఎవరైనా పెట్టుకోవచ్చు. సర్వర్లు మాట్లాడుకునే యాక్టివిటీపబ్ భాషను 2018లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణంగా ఆమోదించింది. నచ్చని సర్వరు వదిలి, మనల్ని అనుసరించేవాళ్లతో సహా ఇంకోదానికి మారవచ్చు. (పాత రాతలు మాత్రం వెంట రావు; అది లోపమే.)

స్నేహితులు లేనిచోటికి ఎవరు పోతారండీ అంటారేమో. నిజమే. గ్రూపు మానెయ్యమనడం లేదు. నోటీసు ముందు ఈమెయిల్లో పంపి, తర్వాత గ్రూపులో వేస్తే అందులో ఖాతా లేనివాడికీ అందుతుంది గదా!