ఒడిలోని ఆకుకూర: ఎక్కడ కోయాలి, ఎలా వండాలి, ఎలా దాచాలి



రాజులు రెండవ గ్రంథము 4వ అధ్యాయము, 38 నుండి 41 వచనములలో ఒక వంట సంగతి ఉంది. గిల్గాలులో అది కరవు కాలం. ఎలీషా ప్రవక్త దగ్గరున్న శిష్యులకు కూర వండాలి. ఆకులు ఏరడానికి పొలానికి వెళ్లిన ఒకరు, అవేమిటో తెలియక అడవి తీగ కాయలను ఒడినిండా కోసుకొచ్చి, తరిగి కుండలో వేశారు. నోట్లో పెట్టుకున్నాక గాని అందులో విషమున్నట్లు తెలియలేదు. తెచ్చినవాడు చెడ్డవాడు కాదు. ఆకలితో ఉన్నవారికి పెట్టాలనే తెచ్చాడు. తెలియకపోవడమే ప్రమాదమైంది. అలాంటి కుండను మేము పర్చూరు ప్రాంతంలోనే చూశాము గనుక ఈ నెల పాఠాన్ని దానితోనే మొదలుపెడుతున్నాము.

ఒక సాయంత్రం మా వార్డుకు అత్తాకోడళ్లను ఆటోలో తీసుకొచ్చారు. ఇద్దరికీ వాంతులు, ఒళ్లంతా చెమటలు, నోటివెంట నీరు. కనుపాపలు సూదిమొనంత అయ్యాయి. కోడలికి అయిదో నెల. మిరప తోటలో కలుపు తీయడానికి వెళ్లిన అత్తగారు, గట్టు పక్కన లేతగా కనిపించిన తోటకూరను ఒడిలో వేసుకొచ్చి పప్పులో వండారు. ఆ తోటలో ముందురోజే మందు కొట్టారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సమయానికి తీసుకొచ్చారు గనుక అట్రోపిన్ ఇంజెక్షన్లతో, దేవుని కృపవలన ఇద్దరూ కోలుకున్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. నెలన్నర తరువాత కోడలు పరీక్షకు వచ్చింది. అంతకుముందు 9.2 గ్రాములున్న హిమోగ్లోబిన్ 8.1కి దిగింది. ఏం తింటున్నావమ్మా అని అడిగితే, "ఆకుకూర పేరెత్తితే మా అత్తకు వణుకొస్తోంది సిస్టరమ్మా, మా ఇంట్లో వండటమే మానేశాం" అంది. వాంతులయ్యాయని ఐరన్ మాత్రలు కూడా పక్కన పెట్టేసింది. విషానికి భయపడి మందులాంటి ఆహారాన్నీ, అసలు మందునూ రెంటినీ వదులుకుంది.

మనం నేర్చుకోవలసింది ఇదే. ఆకుకూర మానడం పరిష్కారం కాదు. అది ఎక్కడ పెరిగింది, మన చేతిలో ఎలా వండబడింది, ఎక్కడ దాచబడింది అన్నదే ముఖ్యం.

ఆకుకూర ఎందుకు తినాలి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. 7 కంటే తగ్గితే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. మునగాకు, తోటకూర, గోంగూర, పొన్నగంటి వంటి ఆకుల్లో ఇనుము, ఫోలిక్ యాసిడ్, కంటికి మేలుచేసే విటమిన్ 'ఎ' నిచ్చే పదార్థం ఉన్నాయి. ఫోలిక్ అన్న మాట లాటిన్‌లో ఆకు అనే పదం నుండే వచ్చింది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని 1940లలో అమెరికాలో నడిపించినది భీమవరంలో పుట్టిన మన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారే.

అయితే ఒక మాట గుర్తుంచుకోండి. ఆకుల్లోని ఇనుము శరీరానికి కొద్దిగానే ఒంటబడుతుంది. హిమోగ్లోబిన్ బాగా పడిపోయినవారు ఆకుకూర తింటున్నాం కదా అని మాత్రలు మానకూడదు. రెండూ కావాలి.

ఎక్కడ కోయాలి?

1. మందు కొట్టే పత్తి చేలో, మిరప తోటలో, వాటి గట్ల మీద పెరిగిన ఆకును కూరకు కోయకండి. అది విత్తకుండా మొలిచిందైనా సరే. గాలికి మందు జల్లు గట్టు దాటి పోతుంది. కలుపు మందు కొట్టిన చోటైతే మరీ ప్రమాదం.

2. ఉప్పునీళ్లలో, పసుపునీళ్లలో నానబెడితే మందు పోతుందని చాలామంది నమ్ముతారు. కడిగితే పైన అంటుకున్న మందులో కొంత, మట్టి, పురుగుల గుడ్లు పోతాయి. కాని కొన్ని మందులు మొక్క లోపలికే ఇంకిపోతాయి. వాటిని ఏ నీళ్లూ తీయలేవు. ఎలీషా కుండలో పిండి వేస్తే విషం విరిగింది. మన కుండకు అలాంటి పిండి లేదు.

3. అమ్మకానికి కూరగాయలు పండించే అన్నదమ్ములకు మా మనవి. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బా మీద ఉంటుంది. చదవడం రాకపోతే చదివించుకోండి. డబ్బా మీది ఎర్ర త్రికోణం అన్నిటికంటే తీవ్రమైన విషానికి గుర్తు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు.

4. అన్నిటికంటే మంచిది మన పెరడే. మన నల్లరేగడిలో వానకు నీరు నిలుస్తుంది, మునగ వేరు కుళ్లుతుంది. అందుకని మట్టి దిబ్బ పోసి దాని మీద మునగ నాటండి. తోటకూర, బచ్చలికి ఎత్తు మళ్లు చేయండి. జాగా లేనివారు పాత బియ్యం సంచుల్లో మట్టి, పశువుల ఎరువు నింపి పెంచవచ్చు. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు ఆ మొక్కలకే పోయండి.

ఎలా వండాలి?

ముందు కడగాలి, తరువాత తరగాలి. తరిగాక కడిగితే విటమిన్లు నీళ్లతో పోతాయి. రెండు మూడు నీళ్లు మార్చి, చివర ధారగా పోసుకుని కడగండి. ముక్కలు పెద్దగా ఉంచండి.

పప్పు ఉడికాకే ఆకు వేసి, మూత పెట్టి, కొద్ది నీళ్లతో మగ్గనివ్వండి. ఆకు ఉడికిన నీళ్లు పారబోయకండి, పప్పులోనే కలపండి. తాలింపుకు ఒక చెంచా నూనె ఉండాలి. విటమిన్ 'ఎ' నిచ్చే పదార్థం కొవ్వు ఉంటేనే ఒంటికి పడుతుంది.

పొయ్యి మీదనుండి దించాక నిమ్మరసం పిండండి. విటమిన్ 'సి' ఉంటే ఆకులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. మరిగించితే ఆ విటమిన్ నశిస్తుంది గనుక దించాకే పిండాలి. కార్తీకంలో ఉసిరికాయ, చలికాలంలో జామకాయ అదే పని చేస్తాయి. పుల్లటి కూరను ఇనుప మూకుడులో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. వండాక వేరే గిన్నెలోకి తీయండి.

భోజనం అవుతూనే టీ తాగే అలవాటు మనలో చాలామందికి ఉంది. టీ ఇనుమును అడ్డుకుంటుంది. కనీసం గంట ఆగండి. ఐరన్ మాత్రను టీతోగాని, కాల్షియం మాత్రతో కలిపిగాని వేసుకోకండి. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఆకు పప్పును మెత్తగా మెదిపి పెట్టవచ్చు.

ఎలా దాచాలి?

ఆకుకూర తెచ్చిన రోజే, లేదా మర్నాటికల్లా వండుకోవాలి. దాచేటప్పుడు కడగకుండా, కుళ్లిన ఆకులు ఏరేసి, పల్చని గుడ్డలో చుట్టి పెట్టండి. పండిన టమాటాలు, అరటిపండ్లు ఆకుల పక్కన ఉంచకండి. వాటినుండి వచ్చే వాయువుకు ఆకు త్వరగా పసుపుబారుతుంది. బెండకాయలకు తడి తగలనివ్వకండి.

ఫ్రిజ్ లేనివారు ఒక వెడల్పు తొట్టిలో ఇసుక పోసి తడపండి. మధ్యలో మట్టికుండ పెట్టి, ఆకును తడి గుడ్డలో చుట్టి అందులో ఉంచి, మూత పెట్టి నీడలో పెట్టండి. పూటపూటకూ ఇసుక తడపాలి. నీరు ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని లాగేస్తుంది. ఎండాకాలపు పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది, ముసురులో అంతగా పనిచేయదు.

మునగాకు విరివిగా దొరికినప్పుడు కడిగి, నీడలో గుడ్డ మీద గలగలలాడేదాకా ఆరబెట్టి పొడిచేసి తడిలేని సీసాలో ఉంచుకోండి. ఎండలో పెడితే ఆకుపచ్చ రంగుతోపాటు విటమిన్ 'ఎ' కూడా పోతుంది. గోంగూర నిలవ పచ్చడి మన ఇళ్ల గౌరవమే గాని అందులో ఉప్పు ఎక్కువ. బీపీ ఉన్నవారు నాలుకకు తగిలించుకుని సరిపెట్టుకోవాలి. వండిన ఆకుకూరను వేసవిలో రెండు గంటలు మించి బయట ఉంచకండి.

అన్నిటికంటే పెద్ద హెచ్చరిక. పురుగుమందు డబ్బా, స్ప్రేయర్ వంటింట్లోకి రాకూడదు. ఖాళీ డబ్బాలో నూనెగాని, నీళ్లుగాని పోయకూడదు. 2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడిలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. ఖాళీ డబ్బాకు కన్నాలు పొడిచి, ఎవరికీ పనికిరాకుండా చేయండి. మందు కొట్టి వచ్చినవారు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే కూరలు ముట్టుకోవాలి. ఆ బట్టలు వేరుగా ఉతకండి.

విషం తగిలిందని అనుమానం వస్తే

వాంతులు, చెమట, నోట నీరు, చిన్నబడిన కనుపాపలు, కండరాలు అదరడం, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. ఒంటిమీద మందు పడి ఉంటే బట్టలు తీసేసి సబ్బుతో కడగండి. ఏ మందో తెలిసేలా డబ్బాను వెంట తీసుకురండి.

స్త్రీల సమాజంలో చర్చించుకోవడానికి

1. ఈ వారం మన ఇంట్లో ఆకుకూర ఎన్నిసార్లు వండాము? అది ఎక్కడ పెరిగింది?
2. మన ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడ ఉంది? పిల్లలకు అందుతుందా?
3. కూలికి వెళ్లే అక్కచెల్లెళ్లకు, ఏ చేలో ఎప్పుడు మందు కొట్టారో ముందుగా చెప్పే బాధ్యత ఎవరిది?

మూడో ప్రశ్న దగ్గర కాసేపు ఆగమని కోరుతున్నాము. ఆ అత్తగారికి ముందురోజు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఆటో ఎక్కే పని పడేది కాదు. చేను గలవారు ఆ మాట చెప్పడం కూడా పొరుగువాని ప్రేమించడమే.

ఆ కోడలు మళ్లీ మాత్రలు మొదలుపెట్టింది. పక్కింటి పెరట్లోని మునగాకు వారానికి మూడుసార్లు వండుకుంది. కాన్పు నాటికి హిమోగ్లోబిన్ 10.6కి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. బిడ్డకు టీకా వేయించడానికి వచ్చినప్పుడు అత్తగారు ఒక సంచి మా చేతిలో పెట్టారు. అందులో తోటకూర ఉంది. "మా పెరట్లోదేనమ్మా, మందు చుక్క తగల్లేదు" అన్నారు. ఆ పూట హాస్టల్ మెస్‌లో అదే పప్పు వండుకుని, దేవునికి స్తోత్రం చెల్లించి తిన్నాము.

మీ ఆరోగ్యం కోరుతూ,
నర్సింగ్ సూపరింటెండెంట్