తాళంచెవి ఎవరి దగ్గర?

ప్రశ్న: మా ఊరి శాఖా గ్రంథాలయాన్ని సాయంత్రాలు మా యువజన సంఘం నడపాలనుకుంటోంది. కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది, కానీ నోటిమాట మీద వద్దు. జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి అర్జీ పెట్టి, ఒప్పందం కాగితం మీద రాయించుకోండి. తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, కరెంటు బిల్లు ఎవరు కడతారు, పుస్తకం పోతే ఎవరిది పూచీ? గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. విరాళంగా వచ్చిన పుస్తకాలకు వేరే రిజిస్టరు పెట్టండి. పాత పోటీపరీక్షల గైడ్లను మొహమాటపడకుండా తిప్పి పంపండి.

లైబ్రేరియన్ జీతం, కొత్త పుస్తకాల ఖర్చు మాత్రం మీరు నెత్తిన వేసుకోవద్దు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు కదా! మీ సేవను సాకుగా చూపి గ్రంథాలయ సంస్థను తప్పుకోనివ్వకండి. స్ఫూర్తి కోసం, ప్రజల చొరవతో 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని వీలైతే చూసి రండి.