రంగు చేపకు తెలియని జబ్బు చేస్తే: మందు కంటే ముందు నీళ్లు చూడండి

మనలో కొంతమంది పంటతో పాటు సిమెంటు తొట్లలో గప్పీ, మోలీ, గోల్డ్ ఫిష్, కోయి కార్ప్ లాంటి రంగు చేపలు పెంచుతున్నారు. తొట్టి నీళ్లు కూరగాయల మడికి పారిస్తున్నారు. మంచి పద్ధతే. కానీ చేపకు ఎప్పుడూ చూడని జబ్బు వస్తే చాలామంది నేరుగా మందుల షాపుకు పోతున్నారు. ఆ మందు చేపతో ఆగదు, రేపు మన మట్టిలోకి వస్తుంది. అందుకే జబ్బును గుర్తుపట్టే వరుస ఈ పాఠంలో చెప్తున్నాను. చేపను పట్టి చూసే విధానం వీడియోలో ఉంది.

ఆకు పచ్చబడితే మనం ముందు వేరు, మట్టి చూస్తాం కదా. చేపకు మట్టి అంటే నీళ్లే.

1. ఎన్ని చేపలు, ఎంత తొందరగా?

అన్ని రకాల చేపలూ ఒకేసారి డీలా పడ్డాయంటే ముందు నీళ్లను అనుమానించాలి. ఒకటి, రెండు రోజులకు ఇంకోటి, ఇలా మెల్లగా పాకుతుంటే క్రిములు, పరాన్నజీవుల వైపు చూడాలి. ఒక్క చేపే చిక్కిపోయి మిగతావి బాగుంటే ముసలితనమో, దెబ్బో, లోపలి జబ్బో కావచ్చు.

తెల్లవారుజామున పైకి వచ్చి నోరు తెరుస్తూ, ఎండ ఎక్కాక మామూలుగా తిరుగుతున్నాయా? అది ఆక్సిజన్ తక్కువ. నాచు పట్టిన ఆకుపచ్చ నీళ్లలో ఇది ఎక్కువ.

2. నీళ్ల పరీక్ష

అక్వేరియం షాపులో టెస్ట్ కిట్ దొరుకుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. పిహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. అందుకే ఎండాకాలంలో దెబ్బ గట్టిగా తగులుతుంది.

మాకు తెలిసిన ఒక అన్న తొట్టిలో కోయిలు వరుసగా చచ్చిపోతున్నాయి. వైరస్ అని ఎవరో చెబితే యాంటీబయాటిక్ తెచ్చి పెట్టుకున్నాడు. ఆ నీళ్లు పారేది టమాటా మడికి.

"అన్నా, ఆ మందు పక్కన పెట్టు. ఫిల్టర్ ఎప్పుడు కడిగినవ్?" అని అడిగాను.

"మొన్న ఆదివారం తమ్మీ. నల్లా కింద పెట్టి తెల్లగ వచ్చేదాక కడిగిన."

జవాబు అక్కడే ఉంది. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఫిల్టర్ స్పాంజిలో బతికే బాక్టీరియానే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. మన మట్టిలో జరిగే పనే అక్కడా జరుగుతుంది. అది చచ్చిపోతే చేపల విసర్జనే వాటికి విషం. కిట్‌తో చూస్తే అమ్మోనియా చాలా ఎక్కువ వచ్చింది. మేత ఆపి, గాలి పంపు పెంచి, రోజూ మూడో వంతు నీళ్లు మార్చాం. ఐదో రోజుకు మిగిలిన చేపలు మేతకు వచ్చాయి. యాంటీబయాటిక్ పోసి ఉంటే మిగిలిన మంచి బాక్టీరియా కూడా పోయేది. ఫిల్టర్‌ను తొట్టిలోంచి తీసిన నీళ్లతోనే పిండి కడగాలి.

3. మన కషాయాల సంగతి

సహజమైనది కదా అని తొట్టిలో జీవామృతం పోయకండి. పేడ, మూత్రం నీళ్లలో కుళ్లితే ఆక్సిజన్ పడిపోతుంది, అమ్మోనియా పెరుగుతుంది. అగ్ని అస్త్రంలో ఉండే పొగాకు చేపలకు విషం. వేప కషాయం కూడా మోతాదు మించితే అంతే. స్ప్రేయర్‌ను తొట్టి దగ్గర కడగవద్దు. మందు కొట్టిన రోజే చేపలు గిలగిలా కొట్టుకుంటే ముందు గాలి ఎటు వీచిందో చూడండి.

4. నీళ్లు బాగుంటేనే చేపను చూడాలి

- ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలు, గోడలకు రాసుకోవడం: తెల్లమచ్చ. ఈ పరాన్నజీవి చర్మం లోపల ఉన్నప్పుడు మందు తగలదు, నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. అందుకే ఒక్కరోజు వైద్యంతో పోదు.
- బంగారు పొడి చల్లినట్టు పూత: వెల్వెట్.
- దూదిలాంటి పెరుగుదల: పాత గాయం మీదైతే బూజు కావచ్చు. నోటి చుట్టూ, వీపు మీద జీనులా ఉండి తొందరగా పాకితే కాలమ్నారిస్ అనే బాక్టీరియా.
- పొలుసులు లేచి పొట్ట ఉబ్బడం: డ్రాప్సీ. ఇది లక్షణమే, అసలు కారణం లోపల వేరే ఉంటుంది.
- మొప్పలు గోధుమ రంగు: నైట్రైట్. పాలిపోతే రక్తహీనత, పరాన్నజీవులు.
- కంటికి కనిపించే చదునైన పురుగు చేపపేను. దారంలా వేలాడేది లంగరు పురుగు.

5. వేరుచేయడం, పంపడం

జబ్బు చేపను వేరే టబ్బులో, వేరే వలతో పెట్టండి. ఏమీ తేలకపోతే బతికున్న జబ్బు చేపను ఆక్సిజన్ నింపిన కవర్లో, తొట్టి నీళ్లు వేరే సీసాలో ల్యాబుకు తీసుకెళ్లండి. కుళ్లిన చేపతో జబ్బు తేలదు. ముత్తుకూరు, పెబ్బేరులో మత్స్య కళాశాలలు ఉన్నాయి. మీ జిల్లా మత్స్యశాఖ వాళ్లను అడిగినా దారి చెప్తారు.

నైట్రైట్ ఉంటే 500 లీటర్లకు కిలో కల్లుప్పు బకెట్లో కరిగించి, మూడు విడతలుగా పోయవచ్చు. చాలా రకాల నీటి మొక్కలు ఉప్పుకు తట్టుకోలేవు, వాటిని ముందే తీసేయండి. ఉప్పు వేసిన నీళ్లు, మందు కలిసిన నీళ్లు మాత్రం మడికి పారించకండి.

ఒక నోట్‌బుక్ తొట్టి దగ్గరే పెట్టుకోండి. నీళ్లు మార్చిన తేదీ, ఫిల్టర్ కడిగిన తేదీ, కొత్త చేప వచ్చిన తేదీ రాయండి. తెలియని జబ్బు వచ్చినప్పుడు ముందు తెరవాల్సింది ఆ నోట్‌బుక్కే, మందు సీసా కాదు.