తుమ్మలపల్లె రాయి – డర్టీ బాంబు

వల్లూరుకు నైరుతి దిక్కున, పులివెందుల ప్రాంతంలోని తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. 2012లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. ఉగ్రవాదులు ఆ రాళ్లు ఎత్తుకుపోయి బాంబు చేస్తే మన గతేమిటని మీకు సందేహం కలగవచ్చు.

ముందు డర్టీ బాంబు అంటే ఏమిటో చూద్దాం. అది అణుబాంబు కాదు. మామూలు పేలుడు పదార్థంతో రేడియో ధార్మిక పదార్థాన్ని వెదజల్లడమే దాని పని.

తుమ్మలపల్లె రాయి అందుకు పనికిరాదు. టన్ను రాయిలో అర కిలో యురేనియం కూడా ఉండదు. పైగా యురేనియం 238 అర్ధాయుష్షు సుమారు 450 కోట్ల సంవత్సరాలు. ఆయుష్షు ఎక్కువైతే ప్రమాదమూ ఎక్కువేనా? కాదు. చెరువు నీరు సన్నని తూము గుండా ఏళ్ల తరబడి పారితే ఊరికి ముప్పు లేదు. గట్టు తెగి ఒక్క పూటలో వస్తేనే ముప్పు. ఒక గ్రాము యురేనియం 238లో సెకనుకు సుమారు 12 వేల పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. అర్ధాయుష్షు 30 ఏళ్లే ఉన్న సీజియం 137లోనో? 3 లక్షల కోట్లకు పైగా!

అంటే గనితో ఏ చిక్కూ లేదని కాదు. వ్యర్థాల చెరువు వల్ల బోరు నీరు చెడిపోతోందని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. అది పట్టించుకోవలసిన విషయమే. కాని బాంబుకు సంబంధించినది కాదు.

అసలు కాపలా అవసరమైనవి ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో వాడే సీజియం, కోబాల్టు వంటివి. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో, మూతబడిన క్లినిక్ నుంచి తెచ్చిన యంత్రాన్ని పాత ఇనుము కోసం విప్పారు. అందులో ఉన్నది వంద గ్రాముల లోపు సీజియం పొడి. నలుగురు మరణించారు. 249 మందికి ఆ పొడి అంటింది. పరీక్షలకు వచ్చినవారు మాత్రం లక్షా 12 వేల మంది! 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో కోబాల్టు వల్ల ఒకరు చనిపోయారు. ఈ రెండూ అజాగ్రత్త వల్ల జరిగినవే.

మరి ఉగ్రవాదులు? 1995లో చెచెన్ తిరుగుబాటుదారులు మాస్కో పార్కులో సీజియం పొట్లం పాతిపెట్టి, టీవీ వారికి కబురు చేశారు, పేల్చలేదు. డర్టీ బాంబును ఉగ్రవాదులెవరూ ఇంతవరకు పేల్చలేదు. పేల్చినా, ఎక్కువ ప్రాణనష్టం పేలుడు వల్లే జరిగే అవకాశముంది. ఆ తర్వాత వీధులు ఖాళీ చేయించాలి, కడగాలి. జనం భయాన్ని పోగొట్టాలి. ఆ భయమే అలాంటి బాంబుకు అసలు బలం.

పాత ఇనుములో బరువైన సీసపు డబ్బా గాని, మూడు రెక్కల రేడియేషన్ గుర్తు గాని కనిపిస్తే ముట్టుకోకండి. దూరంగా జరిగి పెద్దలకూ, పోలీసులకూ చెప్పండి. చిన్న మూలం నుంచి మీటరు దూరంలో ఉన్నవారు రెండు మీటర్లకు జరిగితే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు తగ్గుతుంది. మూడు మీటర్లకు జరిగితే ఎంత? మీరే లెక్క కట్టండి.